ఓబుళమ్మ చేతి ముద్ద

ఎర్రగుట్ట దర్గాలో ప్రతి బేస్తవారమూ రెండు మూడు వందల మంది భోజనానికి కూర్చుంటారు. వాళ్ళలో ఒకే ఒక్క మనిషి చేతిలో ముద్ద పెట్టడం ఓబుళమ్మకు కష్టమైపోయింది. ఆ మనిషి ఆమె సొంత అన్న.

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. పులుసు, ఊరిమిండి పచ్చడి, మజ్జిగ ఎవరైనా వడ్డించవచ్చు. రాగి సంగటి మొదటి ముద్దను మాత్రం విస్తట్లో వేయరు. వడ్డించే మనిషి చన్నీళ్ళలో చెయ్యి ముంచి, పొగలు కక్కే సంగటిని ఉండ చేసి, కూర్చున్న మనిషి అరచేతిలో పెట్టాలి. అక్కడ సమాధిలో ఉన్న మహానుభావుడు, వలీ, బతికున్న రోజుల్లో అలాగే పెట్టేవాడట. విస్తట్లో వేస్తే మనిషి తల వంచుకుని తింటాడు, చేతిలో పెడితే పెట్టినవాడి మొహం చూసి తింటాడు అనేవాడట. ఆయన ఆ మాట అన్నాడో లేదో నాకు తెలియదు. అక్కడ ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ ఎందుకు వెళతారో మాత్రం తెలుసు.

ఐదేళ్ళుగా ఆ మొదటి ముద్ద పెట్టే పని ఓబుళమ్మది.

ఆమె దర్గాకు వచ్చింది ముప్పై ఎనిమిదో ఏట. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. అన్న మద్దిలేటి ఇంట్లో పెరిగింది. పెరిగింది అనడం కంటే పనిచేసింది అంటే సరిగ్గా ఉంటుంది. మద్దిలేటికి మాట కంటే ముందు చెయ్యి లేచేది. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఒకటి పడేది, దూడ తాడు తెంపుకుంటే ఒకటి పడేది. ఒక ఏడాది అదను తప్పి కురిసిన వానకు కల్లంలో చెనిక్కాయల మూటలు తడిసిపోయాయి. ఆ రోజు పడిన దెబ్బతో ఆమె ఎడమ చెవి వినపడటం మానేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకోటి పడుతుందని భయం.

ఆ తర్వాత ఒక రోజు రాగులు పట్టించుకు రమ్మని వదినె పంపితే, ఓబుళమ్మ మూట నెత్తిన పెట్టుకుని మిషను దాకా నడిచింది. మిషను దగ్గర కాళ్ళు ఆగలేదు. అలా నడుచుకుంటూ గుట్ట ఎక్కి, ఆ మూట దర్గా వంటింట్లో దించింది.

దర్గా పెద్ద లాల్ పీరా తాత అప్పుడు అక్కడే ఉన్నాడు. ఎవరివి, ఎక్కడి నుంచి వచ్చావు అని అడగలేదు. మూట విప్పి గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని, "రాగులు మంచివి" అన్నాడు. అంతే. ఆమె అక్కడే ఉండిపోయింది.

తాతకు ఎనభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ఆయన ఆమె వైపు ఎప్పుడు వచ్చినా కుడి పక్క నుంచే వచ్చేవాడు. వచ్చేముందు చేతికర్రతో రాళ్ళ మీద రెండుసార్లు తట్టేవాడు. అది తన కోసమే అని తెలుసుకోవడానికి ఓబుళమ్మకు ఏడాది పట్టింది. తెలిసిన రోజు వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మర్నాడు వెళ్ళి, నన్ను శిష్యురాలిగా తీసుకో తాతా అంది. ఆయన తీసుకున్నాడు, మొదటి ముద్ద పెట్టే పని అప్పగించాడు.

"చెయ్యి చాపినోళ్ళను పేరడగొద్దు బిడ్డా. ఎవరికీ లేదనొద్దు" అన్నాడు.

ఓబుళమ్మ ఆ మాటను పట్టుకుంది. పోలీసులకు పెట్టింది, తప్పతాగి వచ్చినవాళ్ళకు పెట్టింది. ఒకసారి ఆమె చెప్పులు ఎత్తుకుపోయినవాడు, అవే చెప్పులు దర్గా గడప బయట విడిచి లోపలికొచ్చి కూర్చుంటే వాడికీ పెట్టింది. తన చెయ్యి ఎవరినీ కాదనదని లోలోపల కాస్త గర్వపడేది కూడా. మంచివాళ్ళకైనా ఏదో ఒక గర్వం ఉండక తప్పదు కదా, ఆమెకు ఉన్నది అదొక్కటే.

ఐదు వారాల కిందట మద్దిలేటి వచ్చాడు.

వంగి వడ్డించేవాళ్ళకు మొహాల కంటే ముందు చేతులు కనిపిస్తాయి. వరసలో ఒక చెయ్యి చాపి ఉంది. చిటికెన వేలు వంకర. ఆ చేతిని ఓబుళమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆమె చేతిలో సంగటి వేడిగా ఉంది, వేళ్ళు మాత్రం చల్లబడిపోయాయి. పేరడగొద్దు, లేదనొద్దు. ఆమె ముద్ద పెట్టేసి పక్క మనిషి దగ్గరికి జరిగింది.

"ఓబుళా, నేను మీ అన్నను" అన్నాడు మద్దిలేటి.

అంతే, అన్నంట అన్న, అని వరసంతా గుప్పుమంది. ఇన్నేళ్ళకు చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చాడట అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. అతని దెబ్బల సంగతి ఎరిగినవాళ్ళు, చేసిందంతా మరిచి ముద్ద పెట్టింది చూడండి, ఎంత మనసు, అన్నారు. మంచితనాన్ని మెచ్చుకునే తొందరలో మనవాళ్ళకు ఆ మంచి మనిషి మొహం ఎలా ఉందో చూసే తీరిక ఉండదు.

రెండో వారం అతను అరటిపళ్ళు తెచ్చాడు. మూడో వారం ముద్దతో పాటు ఆమె వేళ్ళు కూడా పట్టుకుని, తను చెప్పదలుచుకున్నది చెప్పేదాకా వదల్లేదు. నాలుగో వారం ఏడ్చాడు. ఉగాదికి ముందు పెళ్ళాం పోయింది, ఇంట్లో పొయ్యి వెలిగించే దిక్కు లేదు, చేసిందానికి దేవుడు తగిన శాస్తి చేశాడు అన్నాడు. ఈ మనిషిని ఒట్టి దుర్మార్గుడని చెప్పేస్తే నా పని తేలికైపోయేది. కానీ అతను నిజంగానే ఏడ్చాడు.

ఐదో వారం వరసల మధ్య ఆమెను ఆపి, "వొచ్చే బేస్తవారం ఆటో మాట్లాడుకోని వొస్తా. నీ సామాన్లు కట్టుకో. ఇంటికి పోదాం" అన్నాడు.

ఓబుళమ్మ తల దించుకుంది. అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వంటింటి వెనక దస్తగిరమ్మ అడిగింది. ఆమె దర్గాలో ఉల్లిపాయలు తరిగే మనిషి. మాట పెళుసు. ఓబుళమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో నిద్రలో ఉలిక్కిపడి లేస్తే, తట్టి లేపకుండా అల్లంత దూరం నుంచి పేరు పెట్టి పిలిచేది ఈమె ఒక్కతే. ఈ ఐదు వారాల్లో ఓబుళమ్మను మెచ్చుకోనిది కూడా ఈమె ఒక్కతే.

"సరేనని తల ఊపినావంట గదా."

"ఊపలేదక్కా. వంచినా."

"వానికెట్ల తెలుస్తాది?"

ఓబుళమ్మ సంగటి కుండ తోముతూ ఉంది.

"ముందు ఇది చెప్పు. నీకు పోవల్లనుందా?"

ఓబుళమ్మ కుండ తోమడం అయిపోయాక, అదే బూడిదతో, అదే కొబ్బరి పీచుతో తన కుడి అరచెయ్యి తోముకోవడం మొదలుపెట్టింది. దస్తగిరమ్మ చూస్తూనే ఉంది. మూడు వారాలుగా ఇదే వరస. అరచెయ్యి ఎర్రగా చిట్లిపోయి ఉంది.

"పోయి తాతకు సూపించు" అంది దస్తగిరమ్మ.

ఓబుళమ్మకు మంగళవారం దాకా ధైర్యం చాలలేదు. మంగళవారం మధ్యాహ్నం తాత పందిట్లో కూర్చుని ఒక విసనకర్రకు గుడ్డ అంచు కుడుతున్నాడు. సూదిలో దారం ఎక్కడం లేదు. ఆమె దారం ఎక్కించి ఇచ్చి, అక్కడే నిలబడింది.

"తాతా, నా మనసు మంచిది కాదు."

"అట్లనా" అన్నాడు తాత, కుట్టు మీంచి తల ఎత్తకుండా.

"అన్నను క్షమించినాననే అనుకుంటి. ఎప్పుడో క్షమించినా. నువ్వు నమాజు చేసేటప్పుడు నీ ఎనకాల కూసోని ఆయప్ప కోసం దండం గూడా పెట్టుకున్నా. కానీ ముద్ద పెట్టేటప్పుడు చెయ్యి వొణుకుతాంది. పెట్టినాక ఎన్నిసార్లు కడిగినా ఆ చెయ్యి తగిలినట్లే ఉంటాది. అంటే నాలోపల ఇంకా కోపం ఉన్నట్లే గదా. దాన్ని తీసెయ్యి తాతా. బేస్తవారం లోపల తీసెయ్యి."

"బేస్తవారం ఏముంది?"

"ఇంటికి పిలుచుకపోతానన్యాడు."

తాత సూది విసనకర్రకు గుచ్చి పక్కన పెట్టాడు.

"చెయ్యి సూపించు."

ఆమె చూపించింది. తాత ఆ చేతిని పట్టుకోలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు దగ్గరగా తెచ్చి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి లోపలికి వెళ్ళి ఆముదం, పసుపు తెచ్చాడు. సమాధి మీద నుంచి తీసి మడిచిపెట్టిన పాత పచ్చ చద్దరులో ఒక పీలిక చింపాడు.

"కట్టు కట్టనా?" అని అడిగాడు.

ఆమె తలూపింది. కట్టాడు.

"ఇది మానేదాకా చెయ్యి తడపొద్దు."

"తడపకుంటే సంగటెట్ల కట్టేది? బేస్తవారం మొదటి ముద్ద ఎవరు పెట్టేది?"

"నాకు చేతుల్లేవా" అన్నాడు తాత, మళ్ళీ సూది అందుకుంటూ.

మనసు బాగుచేయమని వస్తే చేతికి ఆముదం రాసి పంపాడే అని ఆమెకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. రెండు రోజులూ చీరలు మడవడం, మూటలో పెట్టడం, మళ్ళీ తీయడం, ఇదే పని. వెళ్ళాలో వద్దో ఆమెకు తెలియక కాదు. వెళ్ళకూడదనే ఉంది. వెళ్ళనని చెప్పే హక్కు తనకు ఉందో లేదో తెలియడం లేదు.

బేస్తవారం వచ్చింది.

తాత నడుముకు గుడ్డ చుట్టుకుని, నీళ్ళ గిన్నె ఒక చేత్తో పట్టుకుని వరసల్లోకి దిగాడు. సంగటి కుండను ఇద్దరు మోసుకుంటూ ఆయన వెంట నడిచారు. ఆయనకు ముద్ద కట్టడం రాదు. ఒకటి నిమ్మకాయంత వచ్చింది, ఒకటి టెంకాయంత వచ్చింది.

"తాతా, నాకేమి ఇంత సిన్నది? ఆయప్పకు అంత పెద్దది?"

"అల్లాను అడుగు. నేను కట్టేది వరకే."

జనం నవ్వారు. ఓబుళమ్మ పందిరి గుంజ పక్కన, చేతికి పచ్చ కట్టుతో, ఏం చేయాలో తోచక నిలబడి ఉంది. ఆరేళ్ళలో బేస్తవారం పూట ఆమె ఖాళీగా నిలబడటం ఇదే మొదటిసారి.

గుట్ట కింద ఆటో వచ్చి ఆగింది. మద్దిలేటి పైకి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, చేతిలో కొత్త చీర ఉన్న సంచి. చివరి వరసలో కూర్చుని, గుంజ పక్కన నిలబడిన చెల్లెల్ని రెండుసార్లు పిలిచాడు. అతను ఉన్నది ఆమె ఎడమ వైపు. ఆమె తిరగలేదు.

"ఆరేండ్లకే గర్వమొచ్చింది సూడు, పిలిస్తే పలకదు" అన్నాడు పక్కన కూర్చున్నవాడితో, నవ్వుతూనే.

తాత అతని దగ్గరికి వచ్చి అరచేతిలో ముద్ద పెట్టాడు. అది మిగతావాటి కంటే కాస్త గుండ్రంగానే వచ్చింది.

మద్దిలేటి తినలేదు. "ఇది నా చెల్లెలు పెట్టల్ల సామీ" అన్నాడు.

"ఆ పాప చేతికి కట్టుండాది నాయనా."

"కట్టు ఇప్పితే పోతాది. ఒక్క ముద్దకు ఏమైతాది?"

"ఆకలైతే తిను. మంచి సంగటి."

"ఆకలి సంగతి కాదు సామీ. ఈ దర్గాలో చెయ్యి చాపినోళ్ళకు లేదనరని మీరే చెప్తారు గదా. నేను చెయ్యి చాపినా. నా తోడబుట్టినదాని చేతి ముద్ద అడుగుతాండా. తప్పా?"

అతను ఆ మాట గట్టిగా అనలేదు. బతిమాలినట్టే అన్నాడు. వరసలో నలుగురు అవునన్నట్టు తలూపారు. ఒకాయన ఓబుళమ్మ వైపు తిరిగి, "పెట్టమ్మా, పాపం" అన్నాడు కూడా.

ఓబుళమ్మ ఎడమ చెయ్యి అప్పటికే కట్టు ముడి మీదికి వెళ్ళింది.

తాత అది చూశాడు. నీళ్ళ గిన్నె కింద పెట్టి, కర్ర అందుకుని తట్టుకుంటూ ఆమె ముందుకు వచ్చాడు. ఆయన భోజనాల వరసలో కూర్చోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అందరూ తిన్నాక, చివర్లో, వంటింట్లో నిలబడి తింటాడు. అలాంటిది ఇప్పుడు ఆ మట్టి నేల మీద, ఆమె పాదాలకు బారెడు దూరంలో, మోకాళ్ళు కటకటమంటుంటే మెల్లగా చతికిలబడ్డాడు. కుడి చెయ్యి చాపాడు.

"నాకు గూడా ఒక ముద్ద పెట్టు బిడ్డా."

ఓబుళమ్మ కంగారుపడిపోయింది. గురువు నేల మీద కూర్చుని చెయ్యి చాపితే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. గబగబా ముడి లాగింది. ఒక చుట్టు ఊడింది.

"ఏం చేస్తాండావు?"

"కట్టు ఇప్పుతాండా తాతా."

"తడపొద్దంటి గదా."

"నువ్వే అడిగితివి గదా."

"నేనడిగితే?"

ఆమె చేతులు ఆగిపోయాయి. తాత చెయ్యి మాత్రం అలాగే చాపి ఉంది.

"చెయ్యి నొస్తాందా?"

"నొస్తాంది."

"ఆ సంగతి నాకు ఎవరు చెప్పల్ల?"

ఎదురుగా ముసలాయన అరచెయ్యి గాలిలో వణుకుతోంది. ఆ వణుకు చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఒక్క ముద్ద పెట్టేస్తే అయిపోతుంది. ఆయన లేస్తాడు, అందరూ మళ్ళీ నవ్వుకుంటారు, భోజనాలు సాగుతాయి. కాదంటే ఏమవుతుంది? కాదన్న తర్వాత ఏం వస్తుందో ఆమె తలకు తెలియకపోయినా ఒంటికి తెలుసు. మెడ బిగుసుకుపోయింది, కళ్ళు సగం మూతపడ్డాయి. ఏళ్ళ తరబడి అలా నిలబడటం అలవాటైన మనిషి.

"ఈ పొద్దు పెట్టను తాతా" అంది.

ఎంత మెల్లగా అందంటే, దగ్గర్లోనే ఉన్న దస్తగిరమ్మకు కూడా వినపడలేదు.

"రొంత గట్టిగా చెప్పు బిడ్డా, ముసలోణ్ణి."

"పెట్టను. చెయ్యి నొస్తాంది."

ఏమీ కాలేదు. పందిరి అలాగే ఉంది. ఎవరో మజ్జిగ అడుగుతున్నారు. తాత మొహం నిండా నవ్వు వచ్చింది. ఎవరో పెద్ద కానుక ఇచ్చినట్టు, చాపిన చేతిని వెనక్కి తీసుకుని గుండె మీద పెట్టుకున్నాడు.

"సరే బిడ్డా."

లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. లేచి కుండ దగ్గరికి వెళ్ళి, తనే ఒక ముద్ద కట్టుకుని, నిలబడే తిన్నాడు.

"ఉప్పు రొంత ఎక్కువైంది" అన్నాడు వంటవాళ్ళతో. "అయినా బాగుండాది."

తర్వాత ఆమె కుడి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పేరడగొద్దు, లేదనొద్దు అని నీకు చెప్తి. ఆ పొద్దు సగమే చెప్పినా. తప్పు నాది."

ఆమె ఆయన వైపు చూసింది.

"అన్నం దర్గాది బిడ్డా. చెయ్యి నీది."

ఓబుళమ్మ ఊడిన చుట్టును మళ్ళీ చుట్టుకుంది. పళ్ళతో పట్టి ముడి బిగించింది. వరస పక్కగా నడిచి అన్న దగ్గరికి వెళ్ళింది. నాలుగడుగుల దూరంలో ఆగి, కుడి చెవి అతని వైపు ఉండేలా తిరిగి నిలబడింది.

"ఏమిటికట్ల పక్కకు తిరుగుతావు? మొగం సూసి మాట్లాడు" అన్నాడు మద్దిలేటి.

"ఆ పక్క చెవి వినపడదన్నా."

"ఎప్పట్నుంచి?"

"కల్లంలో చెనిక్కాయల మూటలు తడిసినప్పట్నుంచి."

వాన, కల్లం, మూటలు అతనికి ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఉన్నాయి. తర్వాతేం జరిగిందో కూడా గుర్తొచ్చింది. కిందికి చూశాడు. కిందున్నది తన కుడి చెయ్యే. అందులో తాత పెట్టిన ముద్ద అలాగే ఉంది. ఇన్నేళ్ళూ అతను ఆ దెబ్బ మరిచిపోయాడు. నటన కాదు, నిజంగానే మరిచిపోయాడు.

"నాకు తెల్దు ఓబుళా."

"తెల్దని తెలుసు. నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాండా. బేస్తవారం ఎప్పుడైనా వొచ్చి తినుపో. నీకు ముద్ద వేరేవాళ్ళు పెడతారు. నా చెయ్యి పట్టుకోవద్దు. ఇంటికి నేను రాను."

"అంటే నన్ను క్షమించలేదన్నమాట."

"క్షమించినా."

"మరి?"

"క్షమించినా గూడా రాను."

పెట్టమ్మా పాపం అన్నాయన విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాడు. మద్దిలేటి చల్లారిపోయిన ముద్దను పులుసు పోయించుకోకుండానే తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి చీర ఉన్న సంచి చాపాడు.

"ఇదన్నా తీసుకో."

"వద్దన్నా."

రెండోసారి చెప్పడం మొదటిదానంత కష్టం కాలేదు. మద్దిలేటి సంచి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. వంగిన వీపు చూసి ఆమెకు జాలేసింది. పిలవాలనిపించింది. పిలవలేదు. ఆటో ఖాళీ సీటుతో రోడ్డు మలుపు తిరిగేదాకా చూసింది.

ఆ తర్వాత ఆమె గెలిచినదానిలా ఏమీ లేదు. గుంజకు ఆనుకుని కూలబడి, మోకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చింది. ఎంత చెడ్డా అతను ఒక్కగానొక్క అన్న. తప్పు చేశానా చేయలేదా అని తాతను అడగాలని ఉంది. అడగలేదు. ఎవరూ వచ్చి ఓదార్చలేదు. దగ్గరికి రాబోయిన ఇద్దరు ఆడవాళ్ళను దస్తగిరమ్మ కళ్ళతోనే ఆపేసింది.

భోజనాలు అయిపోయాయి. విస్తళ్ళు ఎత్తారు. అడుగున మిగిలిన సంగటి ఒక పళ్ళెంలో వేసుకుని, పక్కన రెండు గరిటెల పులుసు పోసుకుని, తాత కర్ర తట్టుకుంటూ వచ్చాడు. చెయ్యి చాపితే అందనంత దూరంలో కూర్చున్నాడు.

"ఆకలైతాందా?"

ఆమె మొహం తుడుచుకుంది. "అయితాంది తాతా."

"కుడి చేతికి కట్టుండాది. ఎవరి చేత్తో తింటావు బిడ్డా?"

ఓబుళమ్మకు ఆ ప్రశ్న మొదట అర్థం కాలేదు. నలభై నాలుగేళ్ళ బతుకులో ఆమెను ఎవరూ అలా అడిగింది లేదు. పళ్ళెం తాత చేతిలోనే ఉంది. ఆయన అప్పటికే చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. ఎవరి చేత్తో తింటే ఎవరు ఏమనుకుంటారో అని ఆమె ఒక క్షణం ఆలోచించింది. తర్వాత ఆ ఆలోచన మానేసి, తనకు ఏం కావాలో ఆలోచించింది. అందుకు ఇంకొంచెం సేపు పట్టింది. తాత తొందరపెట్టలేదు.

"దస్తగిరమ్మక్క చేత్తో" అంది.

తాత మారు మాట్లాడకుండా లేచి, పళ్ళెం తీసుకుపోయి దస్తగిరమ్మకు ఇచ్చాడు.

దస్తగిరమ్మ చేతులు కడుక్కుంది. ఎంత కడిగినా పోని ఉల్లిపాయ వాసన ఆ చేతులది. వచ్చి ఓబుళమ్మ ఎదురుగా కూర్చుని, చిన్న ముద్ద కట్టి, పులుసులో ముంచి, చేతిలో పట్టుకుని ఆగింది.

ఓబుళమ్మ తనే ముందుకు వంగి నోరు తెరిచింది.